పేరు అడిగే పరీక్ష

నాకు నత్తి. ఈ రెండు మాటలు రాయనీకి నాకు ఇరవై మూడేండ్లు పట్టింది, అందుకే మొదట్లనే రాసి పడేస్తాన. మా ఇంట్ల ఆ మాట ఎవ్వలు నోట్లెకెల్లి రానియ్యరు. "పిల్లకు జర అది ఉన్నది" అంటరు, గొంతు తగ్గించి. అదంటే ఏందో చుట్టాలకు తెలుసు, గల్లీకి తెలుసు, మా బెల్లం దుకాణంల మూటలు మోసే హమాలీలకు సుత తెలుసు. తెలువనట్టు ఉండుడు మా ఇంటి మర్యాద.

ఆ ఎండకాలం ఐర్లండ్‌ల ఒక కాలేజీ నాకు సీటు ఇస్తనన్నది. తిండి పదార్థాలు పాడుగాకుండ చూసుకునే చదువు. బెల్లం దుకాణపోల్ల పిల్లకు అంతకంటె పనికొచ్చే చదువేముంటది? మెలిక ఒక్కటే. వచ్చే నెలాఖరులోపు ఇంగ్లిష్ పరీక్ష మార్కులు పంపాలె, లేకుంటె సీటు ఇంకొకలకు పోతది. అప్పటికి ఐదు వారాలున్నయి.

అమ్మ, నేను హన్మకొండ చౌరస్తా కాడ ఒక కన్సల్టెన్సీకి పోయినం. అక్కడ టై కట్టుకున్న ఒకాయన అందరిని చెల్లె, తమ్మి అనుకుంట మంచిగ మాట్లాడుతాండు. తెల్లకాయితం మీద మూడు గీతలు గీసి చెప్పిండు. ఒక పరీక్షల మనిషి ఎదురుంగ కూసొని మాట్లాడాలె. ఇంకోదాంట్ల హాలుల కంప్యూటర్ ముందట కూసొని మైకుల మాట్లాడాలె. మూడోది ఇంట్లనే, లాప్‌టాప్ ముందట. మూడింట్ల ఏది రాసినా ఆ కాలేజీ ఒప్పుకుంటదట. నీకు ఏది కష్టమైతది చెల్లె, రాసుడా, చదువుడా, మాట్లాడుడా అని నన్ను అడిగిండు. అమ్మ చెప్పింది, అన్ని మంచిగనే వస్తయి సార్, జర భయస్తురాలు అని.

అట్లనే ఉంటది మాది. అడిగేది నన్ను, చెప్పేది అమ్మ. చిన్నప్పుడు డాక్టర్ అడిగినా, బట్టల షాపోడు అడిగినా, పెండ్లిల్ల ఎవలన్న బుగ్గ గిల్లి ఏం సదువుతానవే అన్నా, నా పెదవి వణుకుడు మొదలుకాంగనే అమ్మ మాట అందిచ్చేది. ఇంట్ల సుత అంతే. నేను ఉ అంటె ఉప్పు వచ్చేది, చ అంటె చారు వచ్చేది. నానమ్మ మాత్రం తప్పంత తన మీద వేసుకునేది, పసిపిల్లకు వస తక్కువ పోసిన్నే అని. ఆమె మనుమడికేమో ఎక్కువ పోసినట్టున్నది, మా అన్న నోరు మూసినట్టు నేను చూడలే.

ఆ టై ఆయన మాటల నడుమ నవ్వుకుంట ఒక ముక్క అన్నడు. మనిషి ముందట మాట్లాడే పరీక్షల మొదటి ప్రశ్న మస్తు అల్కటిదట. మీ పూర్తి పేరు చెప్పండి అంటరు, దానికి మార్కులు సుత ఉండయి అన్నడు. పక్క కుర్సీలల్ల పిల్లలు నవ్విండ్రు. నేను ఆ కాయితం మీది మొదటి గీత దిక్కు మళ్ల చూడలే.

నత్తి లేనోళ్లకు ఇది తెలువది కాబట్టి చెప్తాన. మేము మాటలను తప్పిచ్చుకొని బతుకుతం. పప్పు రాకపోతె కూర వెయ్యి అంటం. బస్సు రాకపోతె పోతాన అని ఊరుకుంటం. ఒక్కొక్క మాటకు నాలుగు దొడ్డిదార్లు తెలుసు మాకు. పేరుకు మాత్రం దొడ్డిదారి లేదు. నా పేరు బదులు ఇంకో పేరు చెప్పలేను కద. రోల్ నంబర్ల పుణ్యాన డిగ్రీ గట్టెక్కిన, నంబర్లు నన్ను ఎన్నడు ఆపలే. మేడారం జాతర అప్పుడు మా దుకాణం ముందట మనుషులను కాంటల కూసోబెట్టి బరువుకు బెల్లం తూస్తం, అమ్మవారికి అది బంగారం. ఆ దిమ్మెలు లెక్కపెట్టేది నేనే. ఒకటి అనం కద మేము, లాభం అంటం. లాభం, రెండు, మూడు అని గొంతెత్తి నూరుదాక చెప్పినా ఒక్కటి తట్టుకోలే. ఎవలన్న నా మొఖం చూసి, జవాబు కోసం ఆగితెనే నాకు గొంతు పడిపోతది. అందుకే మిషన్‌కు మొఖం ఉండది చెల్లె, భయస్తులకు అదే మంచిది అని ఆయన అంటె నేను గబగబ తలూపిన.

వాళ్ల కంప్యూటర్ రూముల మరునాడే ప్రాక్టీసుకు కూసున్న. పది మంది వరుసగ కూసొని చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఒక్కపారే ఒర్రుతాండ్రు. నా స్క్రీను మీద ఒక బొమ్మ వచ్చింది, దాని గురించి చెప్పాలె. మొదటి మాట మీదనే గొంతు బిగుసుకున్నది. నోరు తెరిచే ఉన్నది, గాలి వస్తలేదు. మూడు సెకండ్లు సప్పుడు రాకపోయేసరికి మైకు బంద్ అయింది. ఇంకో బొమ్మ వచ్చింది. ఇంకోపారి బంద్ అయింది. మిషన్‌కు మొఖం లేదన్నది నిజమే, ఓపిక సుత లేదు. నేర్పే మేడం వెనుకకెల్లి వచ్చి భుజం తట్టి, తప్పు మాట్లాడినా ఏం ఫికర్ లేదు, ఆగకు అన్నది. ఆగుడు నా చేతిల ఉన్నట్టు. ఆ పొద్దు ఇంటికి వచ్చేదాక చున్నీ కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్చిన, అమ్మ అటోల నా వీపు రాసుకుంట కూసున్నది.

ఇగ మిగిలింది ఇంట్ల రాసే పరీక్ష. దాంట్ల మైకు నడుమల బంద్ కాదట, ఇచ్చిన టైం అంత మనదే. అమ్మ పానం లేచొచ్చింది. మన ఇంట్ల మనం కూసొని రాసుకునుడు, ఎవలకు భయపడాలె అన్నది. నిబంధనలు నేను చదివి చెప్పిన. రూముల నేను తప్ప ఎవ్వలు ఉండొద్దు. ఇంకొకల గొంతు వినపడొద్దు. కెమెరా నన్నే చూస్తుంటది.

అమ్మ ఆ రూల్స్‌ను మడి కట్టినట్టు పాటిచ్చింది. నేను పరీక్ష రాసే మీది రూములకెల్లి బెల్లం దిమ్మెలు కిందికి దింపిచ్చింది. గోడ మీది క్యాలెండర్ తీసేసింది. నానమ్మను నెక్కొండల మా అత్తమ్మ ఇంటికి తోలింది. అన్నను దుకాణం దాటి రావద్దన్నది. బాపు మధ్యాహ్నం కునుకు తీస్తె గురక వస్తదని, ఆ పూట దుకాణంలనే ఉండుమన్నది. ఎవ్వలు లోపటికి పోకుండ తను తలుపు బయట స్టూలు వేసుకొని కావలి కూసున్నది. నాకు ధైర్యంగ అనిపిచ్చింది. తలుపు అవతల అమ్మ ఉన్నదంటె ఇంకేం భయం?

చదువుడు, రాసుడు సాఫ్‌గ అయిపోయినయి. ఇగ మాట్లాడుడు వచ్చింది. నువ్వు ఉండే పట్నం గురించి చెప్పు అని ప్రశ్న. ఇంగ్లిష్‌ల నేను ఉండేది అనేదాక వచ్చింది, వరంగల్ కాడ ఆగింది. వ మీద పెదవులు అతుక్కున్నయి. స్క్రీను మీద సెకండ్లు ఉరుకుతానయి. మెడ నరాలు గుంజుతానయి, ఎడమ కన్ను కొట్టుకుంటాంది, కెమెరాల నా మొఖం నాకే కనపడుతాంది. తర్వాత మాట ఊడింది. వరంగల్ అన్న. అనంగనే మిగిలిందంత నీళ్ల లెక్క పోయింది. కోట గురించి చెప్పిన, మిర్చి మార్కెట్ గురించి చెప్పిన. బయటికి వచ్చి అమ్మను పట్టుకొని ఎగిరిన.

రెండో దినం మెయిల్ వచ్చింది. నీ మార్కులు ఇయ్యం అని ఉన్నది. పరీక్షల ఇంకొక మనిషి నీకు జవాబు అందిచ్చింది అని ఉన్నది. ఇంకోపారి ఇట్లయితె మా పరీక్ష నువ్వు ఎన్నడు రాయరాదు అని సుత ఉన్నది.

నాకు మస్తు కోపం వచ్చింది. దొంగ అన్నట్టే కద అది. ఎవలొచ్చిండ్రు, ఏ జవాబు అని ఇల్లంత తిరిగిన. అమ్మ అంతకంటె గట్టిగ ఒర్రింది. పురుగును సుత లోపటికి పోనియ్యలే, తలుపు కాడనే కూసున్న, నువ్వు మాట్లాడిందంత విన్న, వరంగల్ కాడ ఆగితె...

అక్కడ ఆగింది అమ్మ. నేను అమ్మను చూసిన. అమ్మ నన్ను చూసింది.

అన్నది. తలుపు అవతలికెల్లి వరంగల్ అని అన్నది. మెల్లగ, మంచినీళ్ల గిలాస అందిచ్చినట్టు. నేను అందుకున్న. అన్నట్టు అమ్మకు గుర్తు లేదు, విన్నట్టు నాకు గుర్తు లేదు. నన్ను వణికిచ్చింది పోయిన మార్కులు కాదు, ఇది. ఇరవై మూడేండ్లల ఇట్ల ఎన్ని మాటలు అమ్మ గొంతువి, ఎన్ని నావి? నాకు తెలువదు. ఐర్లండ్ పోతె అక్కడ నా నోట్లెకెల్లి ఏమన్న వస్తదా అసలు?

ఆనాటిసంది అమ్మ నోరు కట్టేసుకున్నది. అన్నం కాడ నేను ఉ, ఉ అనుకుంట ఉంటె ఉప్పు డబ్బా ముందట పెట్టుకొని, పెదవులు లోపటికి మడుసుకొని నా దిక్కు చూసేది. కండ్లల్ల నీళ్లు తిరిగేవి. నాకు మాట రాకపోయేది, ఆమె అందియ్యకపోయేది, కూర సల్లారిపోయేది. బాపు కంచం ముందట తల వంచుకొని తినేసి పోయేటోడు. నాకు అది చూస్తె పరీక్షకంటె ఎక్కువ భయమయ్యేది. ఒకనాడు కోపానికి వచ్చి, చెప్పరాదే అమ్మా, చంపుతానవా అన్న. ఆ మాట మాత్రం ఒక్క తట్టు లేకుండ వచ్చింది. అమ్మ లేచి వంటింట్లకు పోయింది.

పన్నెండు దినాలు మిగిలినయి. టై ఆయన ఫోన్ చేసి, మిషన్ పరీక్షకు ఒక్క సీటున్నది చెల్లె, బుక్ చేస్తాన అన్నడు. నేను ఫోన్ పెట్టేసి మెసేజ్ రాసిన. రాసుడైతె నన్ను ఎవలు ఆపరు. నాకు నత్తి, మిషన్ ఆగదు, మనిషి ఆగుతడా అని రాసిన. ఆ మాట బయటి మనిషికి చెప్పుడు అదే మొదటిపారి. శానసేపటికి జవాబు వచ్చింది. మనిషి పరీక్షల అసొంటోళ్లకు ఎక్కువ టైం అడగొచ్చట, డాక్టర్ కాయితం పెట్టాలెనట, వెంటనే పెడితె ఏమన్న అవుతదేమో అడిగి చూస్తనన్నడు. చివరికి, ఇది ముందే చెప్పొద్దా చెల్లె అని రాసిండు.

కాయితం అనంగనే బాపు గుండెల రాయి పడ్డది. బాపు చెడ్డోడేం కాదు, పిరికోడు. కాయితం మీదికి ఎక్కితె ఇగ అది పోదు, రేపు పెండ్లి మాటలకు ఎవలొచ్చినా ఏం జవాబు చెప్తం అన్నడు. ఇన్ని దినాలు మూసుకున్న అమ్మ అప్పుడు నోరు తెరిచింది.

"ఎవలకన్న తెలుస్తదని ఇన్నేండ్లు దాని నోరు మనమే మూసినం. నేను తీసుకపోతాన దవాఖానకు."

దవాఖానల చీటీ కౌంటర్ కాడ లైను రోడ్డుదాక ఉన్నది. మా వంతు వచ్చినంక చీటీ రాసేటామె తలెత్తకుండనే పేరు అన్నది. నాకు రాలే. తలెత్తి చూసింది. వెనుకటోళ్లు జరుగుమంటాండ్రు. అమ్మ నా పేరు చెప్పుతదనుకున్న. చెప్పలే. కౌంటర్ మీదికి వంగి, లైనుల అందరికి వినపడేటట్టు, "నా బిడ్డకు నత్తి, జరసేపు ఆగుండ్రి" అన్నది. భూమి పగిలి నన్ను మింగినా బాగుండు అనిపిచ్చింది. వెనుకకెల్లి ఒక ముసలాయన, ఆగుదాం తీయ్ బిడ్డా, మాకేం తొందర అన్నడు. అయినా నాకు రాలే. చివరికి ఆధార్ కార్డు ముందట పెట్టిన.

లోపట డాక్టర్ ఎప్పటిసంది అని అడిగిండు. అమ్మ చెప్పింది, అది నేను ఎన్నడు విన్నది కాదు. బడిల వేసిన మొదటి దినం పంతులమ్మ నా పేరు అడిగిందట. నేను తన్లాడుతాంటె పిల్లలందరు నవ్విండ్రట. అమ్మ గడపల నిలబడి ఉండెనట, నా మొఖం చూసి ఓర్సుకోలేక పేరు తనే చెప్పిందట. "అప్పటిసంది నేనే చెప్తాన సార్. ఇది తన పేరు తనే ఎవ్వలకు చెప్పుకోలే" అన్నది. డాక్టర్ కాయితం రాసిండు. నేను గోడ దిక్కు చూసిన.

కాయితం పెట్టినం. ఎక్కువ టైం ఇస్తరా లేదా అన్నది పరీక్షకు ముందటి దినందాక తెలువలే, ఆనాడు ఇస్తమన్నరు. ఆ వారం నాకు తిండి సయించలే. అద్దం ముందట నిలబడి పేరు చెప్పుకుంటె మంచిగ వచ్చేది. అద్దంల ఉన్నది ఎవలో నాకు తెలుసు కద, అది అడగదు. మనిషి పరీక్ష ఎందుకు పట్టుకున్ననో అని నన్ను నేనే తిట్టుకున్న. మిషన్ అయితె మూడు సెకండ్లల ఇజ్జత్ తీసి ఊకుంటది, మనిషైతె చూసుకుంట కూసుంటది. పరీక్ష దినం అటోల పోతాంటె, బ్రేక్ కొట్టి ఏదన్న గుద్దుకుంటె బాగుండు, చెయ్యో కాలో ఇరిగితె పోకుండ అయితది అనుకున్న. అంత భయం.

హన్మకొండల ఒక హోటల్ల పెట్టిండ్రు మాట్లాడే పరీక్ష. అమ్మను కింద గేటు కాడనే ఆపిండ్రు. మీద పొడుగు వరండా, రూముల ఒక టేబుల్, రెండు కుర్సీలు, ఒక రికార్డర్. అడిగేటామె తల నెరిసిన మనిషి, కండ్లద్దాలు. నీకు టైం ఎక్కువ ఉన్నది, తొందర వద్దు అని ముందే చెప్పింది. తర్వాత రికార్డర్ నొక్కి, మీ పూర్తి పేరు చెప్పండి అన్నది.

గొంతు మూసుకున్నది. మొదటి అక్షరం మీదనే. ఆమె చూస్తాంది. గడియారం దిక్కు చూడలే, కాయితాల దిక్కు చూడలే, నవ్వలే, జాలి పడలే. ఊకెనే ఆగింది. అంతసేపు నా కోసం ఎవ్వలు ఆగలే అప్పటిదాక. చెవులల్ల బూరలు ఊదినట్టు సప్పుడు. లేచి ఉరుకుదామా అనిపిచ్చింది. అప్పుడు నాకు ఒకటి తెలిసింది. నేను మాట కోసం తన్లాడుతలేను. చెవులు తలుపు దిక్కు పెట్టి కూసున్న. తలుపు అవతలికెల్లి ఎప్పుడు వస్తదా అని చూస్తాన.

రాదు. అమ్మ రెండు అంతస్తుల కింద, గేటు బయట ఎండల ఉన్నది. ఇక్కడ నేను చెప్పకుంటె నా పేరు ఎవ్వలు చెప్పరు.

చెప్పిన. ముక్కలు ముక్కలుగ, ఒక అక్షరం ఐదు పార్లు, ఒకటి మూడు పార్లు, ఎంగిలి టేబుల్ మీద పడింది. పూర్తిగ చెప్పినంక ఆమె థాంక్యూ అని రెండో ప్రశ్నకు పోయింది, ఏం కానట్టే. మార్కులు తర్వాత వచ్చినయి, గడువుకు ఒక్క దినం ముందట. కాలేజీకి సరిపోయినయి, మాట్లాడుడుల మాత్రం అంచు మీద.

ఆనాడు కిందికి దిగి వచ్చినంక అమ్మ ఎట్లయింది అని అడగలే. పేరు చెప్పినవా అని అడిగింది. తలూపిన. ఇంకేం మాట్లాడకుండ చెయ్యి పట్టుకొని రోడ్డు మీదికి తీసుకపోయింది, అటో ఆపింది. ఆ అటోడు మా ఇద్దరిని చూసి, ఏడికమ్మా అని అమ్మనే అడిగిండు. మాది బీట్‌బజార్. నా జన్మల నేను ఆ మాట అటోడికి చెప్పలే, ఒక్కదాన్నే ఉంటె స్టేషన్ అని చెప్పి అక్కడ దిగి నడిచిపోయేదాన్ని. వెనుక బస్సోడు హారన్ కొడుతాండు. అటోడు జల్ది చెప్పు అన్నట్టు చెయ్యి ఊపిండు. అమ్మ పెదవులు కదిలినయి, నేను చూసిన. మళ్ల దగ్గరికి బిగిసినయి. నా చెయ్యి వదిలిపెట్టి, అటుకేసి మొఖం తిప్పుకున్నది.

"నన్నెందుకు అడుగుతానవు బిడ్డా, ఆమెనడుగు" అన్నది. "చెప్తది. జర టైం పడుతది."